లేవీయకాండం 11: తినకూడని పక్షుల జాబితాలో హంస, కోకిల ఎందుకున్నాయి?

కొల్లేటి కెరటం

అందరికీ నమస్కారం. మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు ఈ నెల లేవీయకాండం చెబుతున్నాను. పదకొండవ అధ్యాయంలో తినకూడని పక్షుల పేర్లు చదివించగానే మూడో తరగతి చదివే ఒక పాప లేచి, "హంసను ఎవరు తింటారండీ? పాలూ నీళ్ళూ వేరుచేసే హంస హేయం ఎలా అవుతుంది?" అని అడిగింది. పక్కనున్న పిల్లవాడు "కోకిల కూడా ఉందండీ" అని అందుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఆ పూట గడిపేయడం నాకు ఇష్టం లేకపోయింది. వచ్చే ఆదివారం చెబుతానని మాట ఇచ్చాను.

మన పాత తెలుగు బైబిల్లో ఆ జాబితా పక్షిరాజు, పెద్ద బోరువ, క్రౌంచుపక్షి అని మొదలై, కాకి, నిప్పుకోడి, కోకిల, డేగ, పైడికంటె, చెరువుకాకి, గుడ్లగూబ, హంస, గూడబాతుల మీదుగా సాగి, కుకుడుగువ్వ, గబ్బిలాలతో ముగుస్తుంది. జంతువుల విషయంలో నెమరు వేయాలి, డెక్క చీలి ఉండాలి అని గుర్తు చెప్పారు. చేపలకు రెక్కలు, పొలుసులు అన్నారు. పక్షులకు మాత్రం ఏ గుర్తూ చెప్పకుండా పేర్లు మాత్రమే ఎందుకు ఇచ్చారు? ఇవన్నీ నిజంగా ఆ పక్షులేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

ఎబ్రీ అక్షరం

కెరటం గారూ, ఆ పాప అడగవలసిన ప్రశ్నే అడిగింది. హీబ్రూ మూలంలో హంస అన్న మాట లేదు. అక్కడున్న మాట "తిన్‌షెమెత్". ఊపిరి పీల్చడానికి వాడే ధాతువు నుంచి వచ్చిన పేరు అది. అదే అధ్యాయంలో ముప్పయ్యవ వచనంలో, నేల మీద పాకే జీవుల మధ్య, ఇదే తిన్‌షెమెత్ మళ్ళీ కనిపిస్తుంది. అంటే ఒకే పేరు ఒక పక్షికీ, ఒక పాకే ప్రాణికీ ఉండేది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చినప్పుడు ఆ వచనంలోకి హంసకు గ్రీకు పేరైన "కుక్నోస్" వచ్చింది. లాటిన్ అనువాదంలో హంస సరిగ్గా తిన్‌షెమెత్ స్థానంలో కూర్చుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు కూడా అక్కడ "స్వాన్" అనే రాసింది. మన "హంస" ఆ వరుసలో చివరిది. కోకిల సంగతీ అంతే. మూలంలో "షహఫ్" అని ఉంది, గ్రీకువారు దాన్ని సముద్రపు ఒడ్డున తిరిగే సీగల్‌గా గుర్తించారు, 1611 ఇంగ్లీషులో అది కోకిల అయింది, మనకూ కోకిలే మిగిలింది.

గ్రీకు అనువాదకులు ఆ జాబితాలో నైలు నది ఒడ్డున తిరిగే ఐబిస్ కొంగను కూడా చేర్చారు. ఐగుప్తులో కూర్చుని అనువదించేవారికి ఐగుప్తు పక్షులే కళ్ళ ముందు ఆడతాయి. నా దృష్టిలో ఈ జాబితా చరిత్ర అంతా ఇదే: ప్రతి భాషవారూ తమ ఆకాశంలోని పక్షులను అందులోకి ఎగరేశారు.

అయితే మనవారికి న్యాయం చేసే మాట ఒకటి చెప్పాలి. చివరన వచ్చే "దుఖీఫత్" అనే పక్షిని 1611 ఇంగ్లీషు అనువాదం పొరపాటున లాప్‌వింగ్ అంది, అంటే మన చేలలో అరిచే తీతువుపిట్ట లాంటిది. తెలుగు అనువాదకులు దాన్ని కుకుడుగువ్వ (ఇంగ్లీషులో హూపో) అన్నారు. అదే సరైనది, గ్రీకు, లాటిన్ అనువాదాలు కూడా ఆ పక్షినే చెప్పాయి.

ఇక సంఖ్యలు. లేవీయకాండంలో 20 పేర్లున్నాయి, ద్వితీయోపదేశకాండం 14లో 21 ఉన్నాయి. లేవీయకాండంలో "దాఆ" అని ఉన్నచోట అక్కడ "రాఆ" అని ఉంది. హీబ్రూలో ద, ర అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మన థ, ధలకు మధ్య ఒక్క చుక్క తేడా ఉన్నట్టు. ఇది లేఖకుని పొరపాటని నేటి పండితులు చాలామంది అంటారు. యూదు రబ్బీల చర్చల గ్రంథమైన తల్మూదులోని పండితులు మాత్రం రెండూ ఒకే పక్షి పేర్లన్నారు. "రాఆ" అంటే చూసేది అని అర్థం వస్తుంది కనుక, అది బబులోనులో నిలబడి ఇశ్రాయేలు దేశంలోని కళేబరాన్ని చూడగలదని చెప్పారు. నాలుగు పేర్ల పక్కన "దాని జాతి ప్రకారం" అనే మాట ఉండటంతో, ఆ నాలుగూ కలిపి మొత్తం నిషిద్ధ జాతులు 24 అని లెక్క తేల్చారు.

రెక్కల వెంట

నేను ఇరవై ఏళ్ళుగా దుర్భిణి పట్టుకుని పక్షుల వెంట తిరిగేవాణ్ణి, హీబ్రూ రాదు. కానీ పక్షి స్వభావం తెలిసినవాడు ఈ వచనాలను చదివితే కొన్ని విషయాలు వెంటనే తెలుస్తాయి.

మొదటి పేరు పక్షిరాజు, మూలంలో "నెషెర్". మీకా ప్రవక్త ఒకటవ అధ్యాయం చివరి వచనంలో, దుఃఖంతో తల గొరిగించుకోమని చెబుతూ, నెషెర్ లాగా బోడితలను పెద్దది చేసుకోమంటాడు. పక్షిరాజు తల మీద నిండా ఈకలుంటాయి. బోడితల రాబందుది. యోబు గ్రంథం 39వ అధ్యాయంలో కూడా హతులున్న చోట నెషెర్ ఉంటుందని ఉంది. కనుక అది ఆ దేశపు కొండ చరియల్లో గూడు కట్టే గ్రిఫన్ రాబందు అని నాకు బలంగా అనిపిస్తుంది. "గద్దరెక్కల మీద మోసికొని వచ్చాను" అని నిర్గమకాండంలో దేవుడు చెప్పే మాటలో ఉన్నది కూడా ఇదే నెషెర్. రాబందు అనగానే కొందరు నొచ్చుకుంటారేమో కానీ, జటాయువును తలచుకుని లేపక్షి అని ఊరి పేరు చెప్పుకునే మనకు అందులో అవమానం కనిపించనక్కరలేదు.

రెండోది "పెరెస్", అంటే విరగ్గొట్టేది. గడ్డపు రాబందు పెద్ద ఎముకను కాళ్ళతో పట్టుకుని పైకి లేచి, బండరాళ్ళ మీద పడవేసి, పగిలిన ముక్కలను మింగుతుంది. ఆ పక్షి మన తెలుగు నేల మీద ఉండదు కనుక మన అనువాదకులకు పేరు లేదు. పెద్ద బోరువ అని సరిపెట్టారు.

నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించేది గూడబాతు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, నెల్లూరు వైపు నేలపట్టులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులను గంటల తరబడి చూశాను. సంచి లాంటి ముక్కుతో నీటిని తోడినట్టు చేపలు తీసే ఆ పక్షికి చెరువే ఇల్లు. కానీ 102వ కీర్తనలో "నేను అడవిలోని గూడబాతును పోలియున్నాను" అని ఉంది, మూలంలో ఆ అడవి ఎండిన ఎడారి. నీళ్ళు లేని చోట గూడబాతు ఏం చేస్తుంది? ఆ "కాఅత్" ఏదో గుడ్లగూబ జాతిదని చెప్పేవారి మాటే నాకు నచ్చుతుంది. ఆ వచనంలోనే పక్కన పాడుబడ్డ చోట్ల ఉండే "కోస్" ఉంది, దాన్ని మనవారు పైడికంటె అన్నారు. ఎంత చక్కని పేరు! బంగారు కన్ను గలది. పాడుగోడ మీద పగటిపూట కూడా కూర్చుని పసుపుపచ్చని కళ్ళతో మనవైపే చూసే చిన్న గుడ్లగూబను ఒక్కసారి చూసినవారు ఆ పేరును మరువరు.

అటక మీది పుస్తకం

కారణం గురించి అడిగారు కనుక నాకు తెలిసింది రాస్తాను. ధర్మశాస్త్రం కారణం చెప్పదు. తరువాతివారు చెప్పినవే అన్నీ. ఉన్నవాటిలో చాలా పాతది, దాదాపు క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన అరిస్టియాసు లేఖ అనే యూదు రచనలోది. తినదగినవి పావురాలు, గువ్వలు, కౌజుల వంటి సాధుపక్షులు, అవి గింజలు తింటాయి. నిషిద్ధమైనవి తమ బలంతో తోటి ప్రాణులను పీడించి మాంసం తినేవి. కనుక మనిషి తన బలాన్ని నమ్ముకుని ఇతరులను పీడించరాదని ఈ ఆజ్ఞ గుర్తు చేస్తుందని ఆ లేఖ చెబుతుంది. 13వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత నఖ్మనీదెస్ కూడా వేటపక్షుల క్రూరత్వం తిన్నవారి స్వభావంలోకి దిగుతుందని రాశాడు.

నాకు మరింత దగ్గరగా అనిపించేది రక్తం మాట. రక్తంలో ప్రాణమున్నది కనుక తినకూడదని లేవీయకాండం 17 గట్టిగా చెబుతుంది. డేగ, గద్ద, రాబందు రక్తంతోనే మాంసాన్ని తింటాయి. రక్తం తినేదాన్ని తిన్నవాడు ఆ ఆజ్ఞను పక్కదారిలో మీరినట్టే. కానీ దీనితో జాబితా అంతా ఒప్పదు, ఎందుకంటే కుకుడుగువ్వ పురుగులను తింటుంది, నిప్పుకోడి ఆకూ అలమూ మేస్తుంది. నిప్పుకోడి అని మనం చదివే "బత్ యాఅనా" నిజానికి ఎడారి గుడ్లగూబ అని 20వ శతాబ్దంలో కొందరు పండితులు వాదించింది ఇందుకే కావచ్చు. మేరీ డగ్లస్ అనే మానవశాస్త్రవేత్త 1966లో, తమ వర్గంలో సరిగా ఇమడని ప్రాణులే అపవిత్రమయ్యాయని ప్రతిపాదించారు. జంతువులకు ఆ మాట బాగా కుదిరింది కానీ, పక్షుల దగ్గర పేర్ల అర్థమే నిశ్చయంగా తెలియక ఆమె కూడా తడబడవలసి వచ్చింది.

గట్టు మీద చెట్టు

ఇంత దూరం వెళ్ళడం ఎందుకండీ? కళేబరాలు తినే పక్షులను తింటే జబ్బులు వస్తాయి. ఆ రోజుల్లో మందులు లేవు కనుక ప్రజల ఆరోగ్యం కోసం పెట్టిన నియమం ఇది. రాబందులను చంపకుండా కాపాడితే ఊరు శుభ్రంగా ఉంటుందన్న దూరదృష్టి కూడా ఉండవచ్చు.

అటక మీది పుస్తకం

గట్టు గారూ, మీ మాట కొత్తది కాదు. 12వ శతాబ్దంలో వైద్యుడు కూడా అయిన యూదు పండితుడు మైమోనిదెస్ నిషిద్ధాహారాలన్నీ ఒంటికి మంచివి కావని రాశాడు. దానికి 15వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత అబర్బనేలు ఇచ్చిన జవాబు నాకు సబబుగా తోస్తుంది: ధర్మశాస్త్రం వైద్యగ్రంథం కాదు, చుట్టూ ఉన్న జనులు ఇవన్నీ తిని ఆరోగ్యంగానే ఉన్నారు కదా అన్నాడు ఆయన. పైగా ఊళ్ళో పెంట మీద ఏరుకుతినే కోడిని ఎవరూ నిషేధించలేదు. రాబందులను కాపాడటం అన్నది మన కాలపు ఆలోచన, మంచి ఆలోచనే. కానీ ఈ వచనాలు తినడాన్ని మాత్రమే నిషేధిస్తాయి, చంపవద్దని ఎక్కడా చెప్పవు. అదే కాకులు కెరీతు వాగు దగ్గర ఏలీయాకు ఉదయం, సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చి ఇచ్చాయని రాజుల గ్రంథం చెబుతుంది. హేయమన్నది పళ్ళెం వరకే, పక్షి పట్ల ద్వేషం కాదని నేను అర్థం చేసుకుంటాను.

వసంత వంటిల్లు

నేను ఎప్పుడూ ఇక్కడ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఈ చర్చ చూశాక రాయాలనిపించింది. పక్షులకు గుర్తులు లేవని కెరటం గారు రాశారు. మా అత్తగారి ఊళ్ళో ఒకప్పుడు పాస్టరుగారి భార్య, "యూదులు కందనకాయ చూసి పక్షి మంచిదో కాదో చెబుతారట" అనడం విన్నాను. అది నిజమేనా? కోడిని కోసినప్పుడు కందనకాయను నిలువునా చీల్చి, లోపలి ఇసుక, గింజలు కడిగి, పసుపుపచ్చని గరుకు పొరను గోటితో అంచు లేపి లాగితే మొత్తం సంచిలాగా ఊడి వస్తుంది. నేను వారం వారం చేసే పని. ఆ పొర గురించేనా వారు చెప్పింది?

ఎబ్రీ అక్షరం

అక్షరాలా అదే, వసంత గారూ! పాస్టరుగారి భార్య సరిగ్గానే విన్నారు. సుమారు క్రీస్తుశకం 200 నాటి మిష్నా అనే యూదు నియమాల సంకలనంలో, హుల్లీన్ అనే భాగం మూడో అధ్యాయంలో, పక్షుల గుర్తులను ధర్మశాస్త్రం చెప్పలేదు కానీ పండితులు చెప్పారని రాసి ఉంది. గోళ్ళతో ఎరను పట్టి చీల్చే పక్షి ఏదైనా అపవిత్రం. కాలికి అదనపు వేలు, మెడ కింద గింజల సంచి, ఒలిస్తే ఊడివచ్చే కందనకాయ పొర ఉన్నది పవిత్రం. మీ వేలి గోటికి తెలిసిన విషయం పద్దెనిమిది వందల ఏళ్ళుగా ఆ పుస్తకంలో ఉంది. రబ్బీ ఎలియేజరు బెన్ సాదోకు మరొక గుర్తు చెప్పాడు: కాలివేళ్ళను రెండు ముందుకు, రెండు వెనక్కు విడదీసి నిలబడే పక్షి అపవిత్రం.

కానీ ఈ గుర్తులు ఉన్నా గొడవలు ఆగలేదు. యూదయలోని కెఫర్ తెమర్తా ఊరివారు గింజల సంచి ఉందని చెప్పి ఒక రకం గోరింకను తినేవారు. రబ్బీ ఎలియేజరు దాన్ని కాకి జాతిలో కలిపి, వారు దానికి లెక్క చెప్పుకోవలసి ఉంటుందన్నాడు. ఆ సందర్భంగా తల్మూదులో ఒక సామెత ఉంది: గోరింక కాకి దగ్గరకు ఊరకే పోలేదు, అది దాని జాతిదే కనుక పోయింది. ఒకే గూటి పక్షులని మనం అనే మాటకు ఇది తోబుట్టువు.

చివరకు తేల్చింది ఏమిటంటే, పవిత్రమైన పక్షిని పరంపర ఆధారంగానే తినాలి. మన ముందు తరం ఫలానా పక్షిని తిన్నదన్న సాక్ష్యం ఉండాలి. "ఈ పక్షి పవిత్రమని నా గురువు చెప్పాడు" అని వేటగాడు అంటే నమ్మవచ్చని తల్మూదు చెబుతుంది. ఆ గురువు అంటే పండితుడా, వేటగాడా అని అక్కడే ప్రశ్న వచ్చింది. జవాబు వేటగాడే అని! పండితునికి పేర్లు కంఠస్థంగా వచ్చు, కానీ ఎదుట నిలిచిన పక్షిని చూసి పేరు చెప్పగలవాడు వేటగాడే. ఈ ఒక్క తీర్పు కోసం నేను ఆ పేజీని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. పుస్తకాల మధ్య బతికిన పండితులు అడవిలో తిరిగేవాని కంటికి చోటిచ్చి పక్కకు జరిగారు. రెక్కల వెంట గారు హీబ్రూ రాదని మొహమాటపడనక్కరలేదు.

కొల్లేటి కెరటం

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. ఒక చిన్న సందేహం. గబ్బిలం పక్షి కాదు కదా, పిల్లలు తప్పకుండా అడుగుతారు.

రెక్కల వెంట

కాదు, పాలిచ్చే జంతువు. అయితే మూలంలో వాడిన మాట "ఓఫ్", అంటే ఎగిరేది. గబ్బిలం తరువాతి వచనంలోనే రెక్కల పురుగుల ప్రస్తావన మొదలవుతుంది, వాటినీ అదే మాటతో పిలిచారు. మన "పక్షి" అన్న మాటకు మాత్రం అర్థం ఏమిటి? పక్షాలు, అంటే రెక్కలు గలది అనే కదా. ఆ లెక్కన గబ్బిలం మనకూ పక్షే.

గట్టు మీద చెట్టు

అటక గారి జవాబు చదివాను, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు కోడి పేరు ఎత్తారు కనుక అడుగుతున్నాను, ఈ జాబితాలో అటూ ఇటూ కోడి ఎక్కడా లేదేమిటి? బలికి కూడా పావురాలు, గువ్వలే తెమ్మన్నారు.

అటక మీది పుస్తకం

మంచి ప్రశ్న. కోడి మన వైపు అడవుల నుంచి, ఆగ్నేయాసియా నుంచి పడమరకు నడిచిన పక్షి, మోషే ధర్మశాస్త్రపు ప్రపంచంలో అది ఇంటి పక్షి కాదు. యెరూషలేముకు ఉత్తరాన తెల్ ఎన్-నస్బెలో 1932లో దొరికిన, యాజన్యా అనే పేరున్న ముద్ర మీద పుంజు బొమ్మ ఉంది, అది సుమారు క్రీస్తుపూర్వం 600 నాటిది. అప్పటికి పుంజు తెలుసు, కానీ తిండికి పెద్ద ఎత్తున పెంచిన ఆధారం ఆ తరువాతది. దక్షిణాన మరేషా తవ్వకాల్లో, క్రీస్తుపూర్వం 4 నుంచి 2వ శతాబ్దాల మధ్య కాలానికి చెందిన వెయ్యికి పైగా కోడి ఎముకలు దొరికాయి, కొన్నింటి మీద కత్తిగాట్లు ఉన్నాయి, పుంజుల కన్నా పెట్టలు ఎక్కువ. 2015లో ఆ పరిశోధన ప్రచురితమైంది.

పేరు మరుగున పడితే ఎంత పని జరుగుతుందో చెప్పే ఉదాహరణ కూడా కోడిదే. 8వ శతాబ్దంలో తల్మూదు పరంపరను కాదని వేరుపడిన అనాన్ బెన్ దావీదు, దుఖీఫత్ అంటే కోడి అని నిర్ణయించి, తన అనుచరులకు కోడిమాంసాన్నే నిషేధించాడు. మన కుకుడుగువ్వ అతని పుస్తకంలో కోడి అయి కూర్చుంది.

బేత్షెయాను లోయ నుంచి

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. ఆరేళ్ళుగా ఇశ్రాయేలులో, బేత్షెయాను లోయలో, ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దావిడను చూసుకుంటున్నాను. ఆవిడ మొరాకోలో పుట్టి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చారు. నేను సవ్తా అని పిలుస్తాను, అంటే అమ్మమ్మ.

మీరు రాసినవి నేను రోజూ చూసేవి కనుక రాస్తున్నాను. గుడ్డు కొట్టేటప్పుడు నేరుగా పెనంలో వేయనివ్వరు. ఒక్కొక్కటీ గాజు గ్లాసులో కొట్టి, కిటికీ వెలుగుకు తిప్పి చూడాలి. ఎర్రని చుక్క కనిపిస్తే ఆ గుడ్డు పారేయాలి. నేను కొత్తలో "ఇంత చిన్న చుక్కకేనా" అనుకునేదాన్ని. ఇప్పుడు మా ఊరు వెళ్ళినా నా చేయి గ్లాసు కోసమే వెతుకుతుంది. అటక గారు చెప్పిన రక్తం మాట నాకు ఆ గ్లాసులో కనిపించింది.

టర్కీ కోడిని ఇక్కడ చాలా తింటారు. దాని పేరు "తర్నెగోల్ హోదూ", వాడుకలో ఒట్టి "హోదూ". హోదూ అంటే ఇండియా! సవ్తా వంటింట్లోకి వచ్చి, "ఈ రోజు మీ దేశపు కోడి" అంటుంటారు.

ఎబ్రీ అక్షరం

చెల్లెమ్మా, మీ హోదూ వెనుక పెద్ద కథే ఉంది. టర్కీ కోడి అమెరికా ఖండపు పక్షి, 16వ శతాబ్దానికి ముందు ఏ యూదుడూ దాన్ని చూసి ఉండడు. పరంపర ఉంటేనే తినాలన్న నియమం ప్రకారం దానికి దారి లేదు. కానీ కొలంబసు దిగింది ఇండియా అని నమ్మిన యూరపులో అది ఇండియా కోడిగా పేరు పొందింది. రబ్బీలు చర్చలు పూర్తిచేసేలోపే జనం దాన్ని తినడం అలవాటు చేసుకున్నారు, ఆ అలవాటే తరువాత పరంపర అయింది. ఈనాటికీ దాన్ని ముట్టని కొన్ని యూదు కుటుంబాలు ఉన్నాయి.

ఇంకొక పేరు గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. సంకుబుడికొంగ అని మనం చదివేది మూలంలో "హసీదా". దయ, వాత్సల్యం అనే అర్థమిచ్చే "హెసెద్" నుంచి వచ్చిన పేరు. తన తోటి పక్షులతో దయగా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందని తల్మూదులో రవ్ యెహూదా అనే పండితుని మాట. మరి అంత మంచి పక్షి నిషిద్ధం ఎందుకైంది? తన గుంపు మీద మాత్రమే దయ చూపుతుంది, పరాయివాటిని పట్టించుకోదు, అందుకే అపవిత్రం అని తరువాతి కాలంలో హసీదీ అనే యూదు భక్తి ఉద్యమపు గురువులు జవాబు చెప్పారు. ఇది వచనానికి చరిత్రపరమైన వివరణ కాదని నాకు తెలుసు. అయినా పిల్లలకు చెప్పదగిన మాట.

బేత్షెయాను లోయ నుంచి

ఆ తెల్లకొంగలు మార్చి, ఏప్రిల్ నెలల్లో మా లోయ మీదుగా వేలకొద్దీ ఉత్తరానికి పోతాయి. రెక్కలు కదపకుండా వేడిగాలి మీద గిరగిరా తిరుగుతూ పైకి లేస్తాయి. సవ్తా కుర్చీ వరండాలోకి జరపమంటారు. కుకుడుగువ్వ అయితే పెరటి గడ్డిలోనే తిరుగుతుంది. 2008లో దాన్ని ఈ దేశపు జాతీయ పక్షిగా ఎన్నుకున్నారట. నిషిద్ధమైన పక్షిని జాతీయ పక్షిగా ఎలా పెట్టుకున్నారని అడిగితే, "చూడటానికి ఎవరు వద్దన్నారు?" అన్నారు ఆవిడ.

కెరటం గారూ, అసలు చెప్పాలనుకున్నది ఇది. నిన్న సవ్తాను తిన్‌షెమెత్ అంటే ఏమిటని అడిగాను. ఆవిడ మనుమడు పొలం పని చేస్తాడు, సాయంత్రం నన్ను గట్టు దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఈ లోయలో ఎలుకల మందు చల్లడం తగ్గించడానికి 1980ల నుంచి పొలాల్లో చెక్కపెట్టెలు కట్టి గుడ్లగూబలను పెంచుతున్నారు. పెట్టె కింద నిలబడగానే లోపలి నుంచి గాలి పోతున్న సైకిలు ట్యూబు లాంటి చప్పుడు, ఆగి ఆగి, బరువుగా ఊపిరి తీసినట్టు. తరువాత కన్నంలోంచి ఒక ముఖం బయటకు వచ్చింది. మధ్యకు కోసిన ఆపిల్ పండులా తెల్లగా, రెండు నల్లని కళ్ళు. అతను "తిన్‌షెమెత్" అన్నాడు. ఇక్కడి మాటల్లో ఊపిరిని "నెషిమా" అంటారు.

ఎబ్రీ అక్షరం

ఆ పేరును ఈ గుడ్లగూబకు నేటి హీబ్రూవారు స్థిరపరిచారు కనుక మోషే కాలపు తిన్‌షెమెత్ ఇదేనని ప్రమాణం చేయలేము. కానీ 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ కూడా దాన్ని రాత్రి ఎగిరే ప్రాణిగానే చెప్పాడు, ధాతువు ఊపిరే. నాకు హంస కన్నా ఈ ముఖం మీదే ఎక్కువ నమ్మకం.

కొల్లేటి కెరటం

అమ్మా, మీకు చాలా కృతజ్ఞతలు. ఒక్క సహాయం చేయగలరా? ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేసి పంపితే పిల్లలకు వినిపిస్తాను. బడి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి.

బేత్షెయాను లోయ నుంచి

చీకటి పడ్డాక గుడ్లగూబ పిల్లలు ఆకలికి ఆ చప్పుడు ఇంకా గట్టిగా చేస్తాయట. ఈ రాత్రి సవ్తాను పడుకోబెట్టాక వెళ్ళి రికార్డు చేస్తాను. మీ గంట కన్నా మా గంట వెనుక కనుక, మీరు నిద్ర లేచేసరికి చేరుతుంది.